రాగి 400 పీపీఎం కుండీలో ఆవ మళ్లీ రెండాకుల దగ్గరే ఆగింది

మట్టిలో కలిపిన లోహాన్ని మొక్కలతో లాగించే మిద్దె ప్రయోగంలో మళ్లీ అదే తంతు. మొలకలు బాగానే వచ్చాయి, రెండు అసలు ఆకులు వేశాక కదలనంటున్నాయి. 200 పీపీఎం (కిలో మట్టికి 200 మి.గ్రా. రాగి) కుండీ మామూలుగా పెరుగుతోంది. జింకు కుండీకి ఢోకా లేదు. వట్టివేరు 400లోనూ పచ్చగానే ఉంది, కాకపోతే అది లోహాన్ని చాలావరకు వేళ్లలోనే దాచుకునే రకం.

కుండీకి 4 కిలోల ఆరిన ఎర్రమట్టి, 6.3 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్; నీలి స్ఫటికంలో రాగి పావు వంతే), విత్తనం పూసా బోల్డ్ ఆవ రకం. కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్యంతా పసుపు. పీకి చూస్తే తల్లివేరు 3 సెం.మీ., కొన నల్లబడింది, పిల్లవేళ్లు లేవు. రాగి కలపని కుండీలో 11 సెం.మీ. ఉంది. 0.5 శాతం అన్నభేది (ఇనుప సల్ఫేట్) ద్రావణంలో 0.1 శాతం నిమ్మ ఉప్పు కలిపి కొడితే చుక్క పడ్డ చోటల్లా ఆకు పచ్చబడింది. ఇనుము అందట్లేదన్నది ఖాయం. అయినా ఎదుగుదల లేదు. వేరు కొన చచ్చాక ఆకుకు మందు కొట్టి ఏం లాభం?

ఇనుము అందకుండా చేసేది బోరు నీళ్లలోని బైకార్బనేటేమో అని అనుమానం వచ్చింది గానీ, అవే నీళ్లతో రాగి లేని కుండీ పచ్చగా ఉంది. తెల్లబడ్డ మైలుతుత్తమైతే నీరు పోయి గ్రాముకు రాగి ఎక్కువ పడుతుంది; ఇక్కడ వాడింది నీలి స్ఫటికాలే. ఇక మిగిలింది తాజాగా కలపడం. చిత్తూరు మామిడి తోటల్లో ఏళ్ల తరబడి బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగుళ్ల మందు) పడిన మట్టిలో రాగి సేంద్రియ పదార్థానికి, ఇనుప ఆక్సైడ్లకు అతుక్కుని ఉంటుంది. ఇవాళ కలిపింది అలా కాదు, వేరుకు సులువుగా అందుతుంది. పైగా పీహెచ్ 7.4 నుంచి 6.6కి దిగి దాన్ని ఇంకా వదులు చేసింది.

పదో వంతు వర్మీకంపోస్టు కలిపిన కుండీ బతికింది. కానీ రాగిని కంపోస్టే పట్టేసుకుంటే మొక్క లాగేదేముంది? కోకోపీట్ కలపమనేవాళ్లకూ ఇదే జవాబు. లోహాన్ని పట్టుకుని నీళ్లలో కదిలించే ఈడీటీఏ అనే రసాయనం పోస్తే లోహం ఆకుల్లోకి ఎక్కుతుంది, నిజమే. అది మట్టిలో త్వరగా విరగదు, వానకు రాగిని వెంటేసుకుని భూగర్భజలం దాకా దిగుతుంది. నేలలో అసలు వద్దు. నిమ్మ ఉప్పు బలహీనమైనా సూక్ష్మజీవులు తొందరగా తినేస్తాయి, అదే నయం.

ఈసారి కలిపిన మట్టిని ఆరు వారాలు తడుపుతూ ఆరబెడుతూ ఉంచి, డీటీపీఏ పరీక్ష (మొక్కకు అందే రాగి ఎంతో చెప్పేది) చేయించాకే విత్తాలి. 250, 300 మెట్లు కూడా పెట్టాలి. ఆర్సెనిక్‌ను మట్టిలోంచి పీల్చుకునే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ మొక్క మీద ఆశ ఉంది గానీ, ఆర్సెనిక్ మిద్దె మీద ముట్టుకునే సరుకు కాదు. కోసిన ఆవాకు మేకలకూ, కంపోస్టు గుంతకూ వెళ్లకూడదు. ఎండబెట్టి మూటగట్టి విడిగా ఉంచాలి.