కాంబినేషన్ స్కిన్‌కి సన్‌స్క్రీన్: ముక్కు దగ్గర పిసినారితనం వద్దు

నుదురు, ముక్కు, గడ్డం మధ్యాహ్నానికే జిడ్డోడుతుంటాయి, బుగ్గలేమో పొడిబారి లాగుతుంటాయి. ఇలాంటి చర్మం ఉన్నవాళ్లు జిడ్డుకి భయపడి ముక్కు మీద సన్‌స్క్రీన్‌ని నామమాత్రంగా రాస్తారు. ఎండ నేరుగా తగిలేది అక్కడే! సన్‌స్క్రీన్ ముఖమంతా ఒకే మందంలో ఉండాలి. హెచ్చుతగ్గులు కింద రాసే మాయిశ్చరైజర్‌లో చూపించండి: బుగ్గలకీ నోటి చుట్టూ రాసి, జిడ్డు ఉన్నచోట మానేయండి. రెండు రకాల సన్‌స్క్రీన్‌లు కొనక్కర్లేదు.

కొనేటప్పుడు బ్రాడ్ స్పెక్ట్రమ్ (ఎండలోని యూవీఏ, యూవీబీ కిరణాలు రెండింటినీ అడ్డుకునేది), యూవీబీ నుంచి రక్షణ ఎంతో చెప్పే ఎస్‌పీఎఫ్ కనీసం 30 చూడండి. యూవీబీ కిరణాల్లో 30 దాదాపు 97 శాతం ఆపితే, 50 ఆపేది 98 శాతం. తేడా చిన్నదే అయినా నేను 50కే ఓటేస్తాను, ఎందుకంటే ఎవరూ చెప్పినంత రాయరు. పీఏ గుర్తు ఉంటే ప్లస్‌లు మూడో నాలుగో ఉండాలి, అది యూవీఏ నుంచి రక్షణ ఎంతో చెప్పే గుర్తు. జెల్ క్రీమ్, పల్చటి లోషన్ ఈ చర్మానికి నప్పుతాయి. పూర్తి మ్యాట్ రకాల్లో సిలికా లాంటి పొడులు నూనెని పీల్చుకుంటాయి కాబట్టి ముక్కుకి హాయి, బుగ్గల మీద మాత్రం పొట్టు తేలి కనిపిస్తుంది. పదార్థాల జాబితా మొదట్లోనే ఆల్కహాల్ డినాట్ (త్వరగా ఆవిరయ్యే ఆల్కహాల్) ఉంటే బుగ్గలు ఇంకా ఎండిపోవచ్చు.

ఇక మోతాదు. ట్యూబు మీది ఎస్‌పీఎఫ్ చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి పరీక్షించిన అంకె. సగమే రాస్తే ఆ రక్షణ రాదు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు తీస్తే ముఖానికీ మెడకీ సుమారుగా సరిపోతుంది. అంతా ఒకేసారి పూస్తే జారుతుంది. ముందు ఒక గీత రాసి, రెండు నిమిషాలాగి రెండోది రాయండి. చెవులు, జుట్టు మొదలు, దవడ అంచు మర్చిపోయేది ఎక్కువ.

రాస్తుంటే సన్నటి ఉండలుగా రాలుతోందా? కింద సీరమో మాయిశ్చరైజరో ఆరకముందే రాశారన్నమాట, లేదా గట్టిగా రుద్దుతున్నారు. ఐదారు నిమిషాలు ఆరనిచ్చి, అరచేత్తో అద్దండి. అయినా రాలితే ఆ రెండింటికీ పొసగట్లేదు, కిందది మార్చి చూడండి.

బయల్దేరడానికి 15 నిమిషాల ముందు రాయాలి. ఆరుబయట ఉంటే రెండు గంటలకోసారి, చెమటపట్టి తుడుచుకుంటే వెంటనే మళ్లీ. ముందు టిష్యూతో నూనె అద్ది తీశాకే రాయండి, జిడ్డు మీద పొర సమంగా పరచుకోదు. ఎస్‌పీఎఫ్ పౌడర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, అవసరమైనంత పొడి ముఖాన ఎవరూ వేసుకోలేరు. చెమటతో కిందకి జారి కళ్లు మండుతుంటే, కళ్ల చుట్టూ మాత్రం జింక్ ఆక్సైడ్ స్టిక్ వాడండి.