వీడియో ప్రాజెక్టులకు రూబ్రిక్‌తో మార్కులు: నా అనుభవం

విద్యార్థులు తీసిన వీడియోలకు మొదటి ఏడాది నేను చూడగానే కలిగిన అభిప్రాయాన్ని బట్టి 10కి ఇన్ని అని మార్కులు వేసేశాను. 7 మార్కులు వచ్చిన ఒక విద్యార్థిని నా దగ్గరికి వచ్చి, తన స్నేహితురాలికి 8 ఎందుకు వచ్చాయని మర్యాదగానే అడిగింది. రెండు వీడియోలనూ మళ్లీ చూశాను గానీ, ఆమెకు చెప్పదగిన కారణం ఒక్కటీ దొరకలేదు. రూబ్రిక్, అంటే ఏ అంశంలో ఏ స్థాయి పనికి ఎన్ని మార్కులో ముందే రాసి ఉంచే పట్టిక, తయారుచేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మొదటి ప్రయత్నంలో అత్యుత్సాహం చూపాను. ఫ్రేమింగ్, వెలుగు, ఫోకస్, వైట్ బ్యాలెన్స్, సంగీతం, టైటిల్స్ అంటూ 14 అంశాలు పెట్టి, ఒక్కొక్కదానికి ‘అత్యుత్తమం, ఉత్తమం, మధ్యస్థం, బలహీనం’ అని 4 స్థాయిలు రాశాను. 3 నిమిషాల వీడియోకు మార్కులు వేయడానికి అరగంట పట్టేది. పట్టిక నింపే తొందరలో వీడియోను చూడడమే తగ్గిపోయింది. అంతకన్నా పెద్ద లోపం ఆ విశేషణాల్లోనే ఉంది. ఉత్తమానికీ మధ్యస్థానికీ మధ్య గీత ఎక్కడో చెప్పనప్పుడు, వెనకటి అభిప్రాయమే ఇప్పుడు గళ్లలో సర్దుకుని కూర్చుంది.

రెండోసారి అంశాలను ఆరుకు కుదించాను: ప్రణాళిక, కథనం, కెమెరా పని, శబ్దం, ఎడిటింగ్, ఇతరుల సంగీతాన్నో చిత్రాలనో వాడినప్పుడు తీసుకున్న అనుమతి. కంటికి కనిపించేవీ చెవికి వినిపించేవీ మాత్రమే రాయాలని నియమం పెట్టుకున్నాను. శబ్దం వరుస రాయడానికే ఎక్కువ సమయం పట్టింది. పై స్థాయికి ‘ప్రతి మాటా మొదటిసారి వినగానే అర్థమవుతుంది, షాట్ మారినప్పుడు ధ్వని ఒక్కసారిగా పెరగదు, తగ్గదు, సంగీతం మాటలను కప్పేయదు’ అనీ, అట్టడుగు స్థాయికి ‘గాలి హోరు వల్లనో, మైకు దూరంగా ఉండడం వల్లనో, రికార్డింగు స్థాయి హద్దు దాటి గొంతు చిట్లడం వల్లనో కొన్ని మాటలు అర్థం కావు’ అనీ రాశాను. 100 మార్కుల్లో 25 శబ్దానికే కేటాయించాను, ఎందుకంటే కాస్త ఊగే దృశ్యాన్ని ప్రేక్షకులు ఓర్చుకుంటారు గానీ వినపడని మాటను ఓర్చుకోరు. కెమెరాలోని మైకునే నమ్ముకునే విద్యార్థులకు ఈ సంగతి షూటింగుకు ముందే తెలియాలి.

వాడే ముందు, నేనూ ఒక సహోద్యోగీ 3 పాత వీడియోలకు విడివిడిగా మార్కులు వేసి పోల్చి చూసుకున్నాం. ఎడిటింగ్‌లో దాదాపు ఏకీభవించాం. శబ్దంలో మాత్రం ఒక వీడియోకు రెండు స్థాయిల తేడా వచ్చింది. చాలాసేపు వాదించుకున్నాక తెలిసిందేమిటంటే, ఆయన హెడ్‌ఫోన్లతో విన్నారు, నేను ల్యాప్‌టాప్ స్పీకర్లతో సరిపెట్టుకున్నాను! అప్పటి నుంచి ప్రతి వీడియోనూ మొదట ఎక్కడా ఆపకుండా, రూబ్రిక్ పక్కన పెట్టి చూస్తాను; రెండోసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రూబ్రిక్ ఎదురుగా ఉంచుకుంటాను.

బృందంలో పనిచేయని వారికి ఇతరుల కష్టం మీద మార్కులు రాకుండా, ప్రణాళిక అంశానికి మాత్రం ఎవరి పని వివరాలను బట్టి వారికి విడిగా వేశాను.

అసలు చిక్కు కెమెరా వరుసలో ఎదురైంది. ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశంలో వారిద్దరినీ కలిపే ఊహారేఖకు కెమెరా ఒకే వైపున ఉండాలన్నది అందరూ నేర్చుకునే 180 డిగ్రీల నియమం. దాన్ని దాటితే ఒక స్థాయి తగ్గించాలని రాసుకున్నాను. ఒక బృందం తమ వీడియోలో ఇద్దరు స్నేహితుల గొడవ ముదిరిన క్షణంలోనే ఆ రేఖ దాటింది. ఎవరు ఎటు చూస్తున్నారో తెలియని ఆ గందరగోళమే సన్నివేశానికి బలం. రూబ్రిక్ ప్రకారం మార్కులు తగ్గించాలి, కానీ నాకు మనసు ఒప్పలేదు. వారి స్టోరీబోర్డు (షాట్లను ముందుగా వరుసగా బొమ్మల్లో గీసుకునే ప్రణాళిక) తీసి చూస్తే, ఆ షాట్ పక్కన ‘ఇక్కడి నుంచి అటువైపు’ అని బాణం గీసి ఉంది. మార్కులు తగ్గించలేదు, ‘స్టోరీబోర్డులో కారణం రాసి ఉంటే తప్ప’ అన్న మాటలను మరుసటి విడతకు ఆ వరుసలో చేర్చాను.

ఆ విడతలో దాదాపు ప్రతి స్టోరీబోర్డులోనూ కారణాలు ప్రత్యక్షమయ్యాయి, వాటిలో కొన్ని షూటింగు అయ్యాక రాసినవని ఇట్టే తెలిసిపోయింది. అందుకని ఇప్పుడు స్టోరీబోర్డులను కెమెరా చేతికివ్వకముందే తీసుకుని, తేదీ వేసి నా దగ్గరే ఉంచుకుంటున్నాను.