గండికోటకు టెంటు మోసుకెళ్లే ముందు

మేం మొదట అనుకున్నది గండికోట కాదు, నల్లమల. మహబూబ్‌నగర్‌లో ఉండేవాళ్లకు లోయ అంటే ముందు గుర్తొచ్చేది అదే. ఫరహాబాద్ వ్యూ పాయింట్ దగ్గర నిలబడి కిందికి చూసిన రోజు నుంచీ ఆ గాలిలో ఒక రాత్రి టెంటు వేసుకొని పడుకోవాలని నా కోరిక. దసరా సెలవుల్లో పిల్లలకు మాట కూడా ఇచ్చేశాను. తీరా మన్ననూరులో అటవీశాఖ వాళ్లను అడిగితే కుదరదన్నారు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కడా మన టెంటు మనం వేసుకోకూడదు. ఉండాలంటే శాఖ వాళ్ల కాటేజీల్లోనే ఉండాలి. శ్రీశైలం రోడ్డు మీద కూడా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు, చీకట్లో రోడ్డు దాటే జంతువులు చక్రాల కింద పడకూడదని. పిల్లలు డీలాపడ్డారు గానీ నాకు ఆ నియమం సబబుగానే తోచింది. అడవి వాటిది.

అలా గండికోట వైపు మళ్లాం. కడప జిల్లాలో జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలో, పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చుకొని పోయే చోటు అది. నది కొండను కోసిన దారిని గండి అంటారు, దాని ఒడ్డున కోట ఉంది కాబట్టి గండికోట. లోయ లోతు దాదాపు 300 అడుగులు. నల్లమలలో ఉన్నట్టు చెట్ల నీడ ఉండదు. ఎర్రటి రాయి, ముళ్లకంప, ఎండ. మార్చి నుంచి జూన్ దాకా అక్కడ టెంటు మాట తలపెట్టకూడదు. వానాకాలంలో రాయి జారుతుంది, బోడిబండ మీద పిడుగు భయం వేరే. అన్నీ చూసుకొని డిసెంబర్‌లో, చుక్కలు బాగా కనపడతాయని అమావాస్యకు దగ్గర్లో ఉన్న ఒక శనివారం ఖాయం చేశాం.

నేను సోషల్ టీచర్‌ని. ఏది మొదలుపెట్టినా ముందు కాగితం మీద రాసుకోవడం అలవాటు. టెంటు, టార్చిలైట్లు, పవర్ బ్యాంకు, స్టవ్ అంటూ రెండు పేజీలు రాసి నాయనకు చదివి వినిపించాను. నాయన వయసులో ఉన్నప్పుడు గొర్రెలు కాసేవాడు. ఎండలు ముదిరి ఊళ్లో మేత అయిపోతే మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు, నల్లమల దిక్కుకు నెలల తరబడి పోయేవాళ్లు. ఆ రాత్రులన్నీ ఆకాశం కిందనే. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"నీళ్లేడుంటయి బిడ్డా?"

నా జాబితాలో నీళ్లు చివరి నుంచి రెండో వరుసలో ఉన్నాయి, అదీ "బాటిళ్లు" అని మాత్రమే. నది కింద కనపడుతుంది కదా అంటే, "కనపడ్తే సరిపోదు. అంత లోతుకు దిగి ఎవడు తెస్తడు?" అన్నాడు. ఆ సాయంత్రమే కూర్చొని లెక్క వేశాను. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు. మేం ఐదుగురం, రెండు రోజులు, అంటే 40 లీటర్లు. 20 లీటర్ల క్యాన్లు రెండు. ఒకటి పగిలినా, ఒలికినా ఇబ్బంది పడకుండా 10 లీటర్లు విడిగా. కారు డిక్కీలో ముందు నీళ్లు సర్దాం, మిగిలిన జాగాలోనే తక్కినవి. దాంతో నా రెండు పేజీలు ముప్పావు పేజీ అయ్యాయి. మడత కుర్చీలు, బ్లూటూత్ స్పీకర్, పెద్ద స్టవ్, అన్నీ ఇంట్లోనే ఆగిపోయాయి.

బయల్దేరడానికి రెండు వారాల ముందు మా డాబా మీద ఒక రాత్రి టెంటు వేసి చూశాం. కొత్తగా టెంటు కొన్న ఎవరికైనా నేను చెప్పేది ఇదే: ఇంటి దగ్గర ఒక్క రాత్రి పడుకొని చూడకుండా ఎక్కడికీ వెళ్లకండి. డాబా మీద మేకులు దిగవని తెలుసు. కానీ గండికోట నేల కూడా రాయే కదా అన్నది అప్పుడు తట్టింది. పొరలు పొరలుగా పేర్చినట్టుండే గట్టి క్వార్ట్‌జైట్ అది. భూగర్భ శాస్త్రంలో దాని పేరే గండికోట క్వార్ట్‌జైట్. క్లాసులో రాళ్ల గురించి ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి, ఆ రాతిలోకి మేకు దిగదని మాత్రం ఆలోచించలేదు. నాయన నాలుగు ఇటుకలు తెప్పించి, ఒక్కోదానికీ తాడు రెండు చుట్లు చుట్టి, ముడి మీద ఇంకో ఇటుక ఎక్కించాడు. గుంజితే కదల్లేదు. మేకులు లేకుండా కడ్డీల మీద తనంతట తాను నిలబడే రకం టెంటు కొనడం మా అదృష్టం. అయినా తాళ్లు కట్టకపోతే గాలికి గాలిపటంలా లేస్తుంది.

ఇంకా రెండు సంగతులు ఆ రాత్రే తెలిశాయి. మంచు పడుతుందని కిటికీ జిప్పులన్నీ మూసేసి పడుకుంటే, తెల్లారేసరికి టెంటు లోపలి గుడ్డంతా తడి. మా ఊపిరే నీరై కారింది. పైన జాలీ తెరిచే ఉంచాలి. రెండోది చలి. కప్పుకోవడానికి రెండేసి దుప్పట్లున్నా మా ఆవిడ, నేను వణికాం. చలి పైనుంచి రాలేదు, కింది సిమెంటు నుంచి వచ్చింది. నాయన మాత్రం గొంగడి పరుచుకొని హాయిగా పడుకున్నాడు. మా దగ్గరి నల్ల గొర్రెల ఉన్నితో నేసిన పాత గొంగడి అది, ఆయన పెళ్లికి ముందుది. "కప్పుకునేది తర్వాత, ముందు కిందికెయ్యి" అన్నాడు. మరుసటి వారం ఊళ్లో మా చిన్నాయన ఇంట్లో ఉన్న గొంగళ్లు మూడు అడిగి తెచ్చుకున్నాను.

గండికోటలో టెంట్లు వేసుకునే చోట్లు చూపించేవాళ్లు చాలామందే ఉన్నారు. ఫోన్‌లో మొదట మాట్లాడిన ఒకతను లోయ అంచునే జాగా ఇస్తానన్నాడు, ఫొటోలు బాగా వస్తాయట. అంచుకు ఎంత దూరం అంటే పది అడుగులన్నాడు. ఇద్దరు పిల్లలతో వస్తున్నామని చెప్పినా అదే మాట. స్పీకర్‌లో వింటున్న నాయన చేత్తోనే వద్దన్నాడు.

"మందను కూడా దరికి దగ్గర ఆపం. రాత్రి ఒక్క గొర్రె బెదిరి ఉరికిందంటే మిగతయన్నీ దాని ఎనకే పోతయి."

అక్కడ చాలా చోట్ల అంచుకు అడ్డుగోడ లేదు. నిద్రమత్తులో లేచిన పిల్లవాడికి చీకట్లో అటు ఎటో, ఇటు ఎటో తెలియదు. అందుకే అంచుకు 150 మీటర్లు లోపలికి, మరుగుదొడ్డి ఉన్న చోటు వెతికి మాట్లాడుకున్నాను. రాయి నేలలో గుంట తవ్వడం కుదరదు కాబట్టి మరుగుదొడ్డి ఉండడం కూడా ముఖ్యమే. పిల్లలకు నియమాలు రెండే పెట్టాం. పొద్దుగూకాక పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోకుండా టెంటు దాటకూడదు. తేలు దూరి ఉండొచ్చు కాబట్టి బూట్లు దులపకుండా తొడుక్కోకూడదు. ఇక టెంటులోపల స్టవ్ గానీ, బొగ్గుల కుంపటి గానీ పెట్టకూడదన్నది మా పెద్దవాళ్లకు. చలికి బొగ్గులు లోపల పెట్టుకుంటే వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నాయన చెప్పిన మరో మాట: "వాగు ఎండి ఉన్నదని అండ్ల పండొద్దు." పైన ఎక్కడో కురిసిన వాన కింద ఎండిన వాగులోకి చెప్పకుండా వస్తుంది. డిసెంబర్‌లో ఆ భయం తక్కువే అయినా, పల్లంలో రాత్రి చల్లగాలి వచ్చి నిలుస్తుంది కాబట్టి ఎలాగూ కాస్త మెట్టనే ఎంచుకున్నాం.

ప్రయాణం గురించి చెప్పేది తక్కువే. ఉదయం 5 గంటలకు బయల్దేరి భూత్పూర్ దగ్గర హైవే ఎక్కి, కొత్తకోట, బీచుపల్లి, కర్నూలు దాటి, బనగానపల్లె మీదుగా బెలూం గుహలకు వెళ్లాం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఉండకూడదనే గుహలను ఆ వేళకు పెట్టుకున్నాను. గుహల పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. ఎండ లేదు గానీ ఉక్కపోత బాగా ఉంది, మేం అనుకున్నదానికంటే రెండు లీటర్లు ఎక్కువ తాగాం. విడిగా పెట్టుకున్న పది లీటర్లు అక్కడే పనికొచ్చాయి. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉడికించిన గుడ్లు తిని మూడున్నరకల్లా గండికోట చేరాం. వెలుగు ఉండగానే టెంటు వేయాలని ముందే అనుకున్నాం, వేశాం.

రాత్రి పదకొండు దాటాక గాలి లేచింది. టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంది, కడ్డీలు వంగాయి. నేను టార్చి పట్టుకొని బయటికి వస్తే నాయన అప్పటికే తాళ్లు ఒక్కోటీ పట్టి చూస్తున్నాడు. రాళ్లు కదల్లేదు. కాసేపు అక్కడే నిలబడ్డాం. మా ఊళ్లో ఎన్నడూ చూడనన్ని చుక్కలు. ఆయన పిల్లలకోడి లాంటి చుక్కల పేర్లు చెబుతుంటే మా పాప లేచి వచ్చింది, చెప్పినట్టే వాళ్లమ్మ చెయ్యి పట్టుకొని.

తెల్లవారి లోయ దగ్గరికి వెళ్లాం. ఎండ పడేకొద్దీ ఎదుటి గోడ ఎరుపెక్కుతూ వచ్చింది. నాయన అంచుకు దూరంగానే కూర్చొని చాలాసేపు నదిని చూశాడు. మాట్లాడలేదు. మేమూ మాట్లాడించలేదు.

తిరుగు ప్రయాణంలో బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర కారు ఆపమన్నాడు. డిక్కీలో ఇంకా ఆరు లీటర్ల నీళ్లున్నాయి. కృష్ణ ఒడ్డును పిల్లలకు చూపిస్తూ, "ఇంగో, గీ ఒడ్డు పొంటే మందను తోలుకపోతుంటిమి" అన్నాడు. మా పాప వెంటనే అడిగింది, "తాతా, అప్పుడు నీళ్లేడుంటుండె?"

"ఇవే" అన్నాడు నదిని చూపించి.