రంగులు మోసే కంచె

మొన్న అమెరికాలోని పిట్స్‌బర్గ్ వెళ్లినప్పుడు మా చెల్లెలి కొడుకు తను చదివే కార్నెగీ మెలన్ యూనివర్సిటీ చూపించాడు. రోబోలు చూపిస్తాడనుకుంటే, ముందు అక్కడి విద్యార్థులు రంగులు వేసే ఒక కంచె దగ్గరికి తీసుకెళ్లాడు!

అర్ధరాత్రి దాటాక, ఉదయం ఆరులోపు, బ్రష్‌లతోనే దానికి రంగు వేయాలట. వేసినవాళ్లు పక్కనే కాపలా కూర్చున్నన్నాళ్లే అది వాళ్లది. పాత చెక్క కంచె 1993లో ఆ రంగుల బరువుకే కూలిపోయింది, ఇప్పుడున్నది కాంక్రీటుది. దాని మీద గోరు నొక్కితే కాస్త దిగింది కూడా. ఎన్ని పొరలున్నాయో!

ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ 1900లో కార్మికుల పిల్లల కోసం టెక్నికల్ స్కూళ్లుగా మొదలుపెట్టిన చోటు ఇది. 1967లో మెలన్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి యూనివర్సిటీ అయింది. ప్రైవేటుది కాబట్టి ఫీజు సంగతి నన్నడక్కండి, మా బావగారిని అడగండి.

మనం ఫోన్లో కొట్టే :-) అనే నవ్వు గుర్తును 1982లో స్కాట్ ఫాల్మన్ ప్రతిపాదించింది ఇక్కడే. ఇక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి 1979లో తొలి డైరెక్టర్ మన రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వచ్చి, కంప్యూటర్‌కి మనిషి మాట విని గుర్తుపట్టడం నేర్పే పరిశోధన చేసి, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

ఈ మాట చెబుతుంటే మావాడు, "మావయ్యా, ఈ కథ నువ్విప్పటికి మూడోసారి చెప్పావు" అన్నాడు. నాలుగోసారి ఇక్కడ చెప్పేశాను.