షాఫ్టు మీది అక్షరం కనపడకుండా డ్రైవర్ ఎంచుకున్నాను

గోల్ఫ్‌లో బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే సాధనం డ్రైవర్. దాని పొడవాటి కర్రే షాఫ్టు. ఆ షాఫ్టు మీద ఒక అక్షరం అచ్చువేసి ఉంటుంది. ఎల్ అంటే లేడీస్. ఏ లేదా ఎం అంటే సీనియర్. ఆర్ రెగ్యులర్, ఎస్ స్టిఫ్, ఎక్స్ ఎక్స్‌ట్రా స్టిఫ్. కర్ర ఎంత వంగుతుందో చెప్పవలసిన చోట ఆడవాళ్లు, ముసలివాళ్లు అంటూ మనుషులను వరుసలో నిలబెట్టిన ఈ పద్ధతి చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంటే. నాకు నలభై ఆరేళ్లు. ఈ లెక్కన ఇప్పుడు నాకు ఎల్ రావాలి, ఇంకో పదేళ్లకు సీనియర్‌గా పదోన్నతి రావాలి. బ్యాంకు ఉద్యోగిని కాబట్టి సీనియారిటీ జాబితాలు నాకు కొత్త కాదు. అయితే బ్యాంకులో కనీసం సర్వీసు రిజిస్టరైనా తిరగేస్తారు.

హైదరాబాద్‌లో పనిచేసిన కాలంలో గోల్కొండ నయా ఖిలాలోని గోల్ఫ్ కోర్సు దగ్గర ఈ ఆట అంటుకుంది. బదిలీ మీద హనుమకొండకు తిరిగొచ్చాక మేడ మీద వల కట్టుకుని సాధన చేస్తున్నాను. వలతో ఒక చిక్కుంది. బంతి గట్టిగా తగిలిందో లేదో చెబుతుంది కానీ ఎటు వెళ్లేదో చెప్పదు. అది తెలుసుకోవడానికి వరికోతలయ్యాక ధర్మసాగర్ వైపు మా తమ్ముడి పొలానికి వెళతాను. గోల్ఫ్ దూరాలు గజాల్లోనే చెబుతారు కాబట్టి ప్లాట్ల లెక్కకు అలవాటుపడ్డ మా ఇంట్లో వాళ్లెవరికీ వాటిని విప్పి చెప్పనక్కర్లేదు. పైగా తడి ఆరని మడిలో బంతి దొర్లదు, పడ్డచోటే దిగబడుతుంది. గాలిలో ఎంత దూరం వెళ్లిందో ఫోనుతో కొలుచుకోవచ్చు. పరకాల దగ్గర మా అత్తవారి పత్తి చేనులోనూ కొట్టి చూశాను కానీ అది నల్లరేగడి. ఎండాకాలం ఆ నెర్రెల్లో పడిన బంతి మళ్లీ వానలు పడేదాకా దొరకదు.

అప్పట్లో నా చేతిలో ఉన్నది ఒక సహోద్యోగి తక్కువ ధరకు ఇచ్చిన డ్రైవర్. షాఫ్టు ఎస్. బంతి తక్కువ ఎత్తులో వెళ్లి కుడివైపుకు వాలిపోయేది. కుడివైపున పొరుగువారి మిరపతోట. వాళ్లు మంచివాళ్లు కాబట్టి సరిపోయింది. షాఫ్టు మార్చాలనుకుని హైదరాబాద్‌లో ఒక దుకాణానికి వెళితే, అమ్మకందారు నా స్వింగ్, అంటే నేను డ్రైవర్ తిప్పే తీరు, చూడలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. "మేడమ్, ఆడవాళ్లకు ఇదే" అంటూ ఎల్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. తిరిగి అతని చేతికే ఇచ్చి వచ్చేశాను.

అసలు ఫ్లెక్స్, అంటే షాఫ్టు వంగే గుణం, చేసే పని ఏమిటో చెబుతాను. డ్రైవర్‌ను వెనక్కి ఎత్తి కిందికి దించడం మొదలుపెట్టగానే కొనన బంతిని కొట్టే బరువైన హెడ్ వెనకబడుతుంది, షాఫ్టు వంగుతుంది. బంతిని తాకే క్షణానికి ఆ వంపు తిరగబడి హెడ్ కొంచెం ముందుకు వస్తుంది. షాఫ్టు మన స్వింగ్‌కు మరీ మెత్తనైతే ఈ ముందు వంపు ఎక్కువై లాఫ్ట్, అంటే బంతిని తాకే ముఖం వెనక్కి వాలి ఉండే కోణం, పెరుగుతుంది, ముఖం ఆడేవాళ్ల వైపు మూసుకుంటుంది. కుడిచేతివాటం వాళ్లకు బంతి పైకి లేచి ఎడమకు తిరుగుతుంది. మరీ గట్టిదైతే ముఖం తెరుచుకునే ఉండి బంతి తక్కువ ఎత్తులో కుడికి పోతుంది. ఇది అందరికీ ఒకేలా జరగదు. కొందరు తెలియకుండానే చేతులతో సర్దేసుకుంటారు. అందుకే పుస్తక జ్ఞానంతో షాఫ్టు కొనడం కుదరదు.

వాడుకలో ఉన్న పట్టిక వేగాన్ని బట్టి నడుస్తుంది. హెడ్ వేగం గంటకు 75 మైళ్ల లోపు అయితే ఎల్, 75 నుంచి 85 అయితే సీనియర్, 85 నుంచి 95 అయితే రెగ్యులర్, 105 దాకా స్టిఫ్, ఆపైన ఎక్స్. అమెరికాలోని మహిళల వృత్తి గోల్ఫ్ పోటీలైన ఎల్‌పీజీఏ టూర్‌లో ఆడే వాళ్ల సగటు దాదాపు 94 మైళ్లు. అంటే వృత్తిగా ఆడే స్త్రీలలో చాలామందికి, ఈ పట్టిక ప్రకారమే, లేడీస్ షాఫ్టు పనికిరాదు. పేరు పెట్టినవాళ్లు ఈ లెక్క చూసుకున్నట్టు లేదు.

ఇంకో సంగతి నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. ఆర్ అంటే ఇంత గట్టిదనం అని నిర్ణయించిన ప్రమాణం పరిశ్రమలో ఎక్కడా లేదు. గోల్ఫ్ నియమాలు రాసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు షాఫ్టు గురించి చాలా పట్టింపుగానే ఉంటాయి. ఏ వైపు తిప్పి పట్టినా ఒకేలా వంగాలి, రెండు దిక్కులా సమానంగా మెలితిరగాలి అంటాయి. ఎంత వంగాలో మాత్రం చెప్పవు. దాంతో ఒక కంపెనీ ఆర్, ఇంకో కంపెనీ ఎస్ అంత గట్టిగా ఉండవచ్చు.

ముందు నా వేగం నాకు తెలియాలి. చిన్న రాడార్ పరికరం ఒకటి కొన్నాను. బంతి వెనక నేల మీద పెడితే హెడ్ వేగం, బంతి వేగం రెండూ చూపిస్తుంది. నాకు 86, 88 మధ్య వస్తోంది. కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడాను. పసుపు ఉన్ని బంతిని మణికట్టుతో విసురుగా కొట్టే అలవాటు ఇంకా పోలేదని అప్పుడు అర్థమైంది. మా తమ్ముడు కూడా సరదాపడి కొట్టాడు. కట్టెలు కొట్టినట్టు కొడితే 98 వచ్చింది.

"నాకు ఎస్ కావాలన్నమాట అక్కా" అన్నాడు.

బంతి వేగం చూడమన్నాను. 118. డ్రైవర్‌తో సరిగ్గా తగిలితే బంతి వేగం హెడ్ వేగానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. తమ్ముడిది 1.2. బంతి మడికట్టు దాటలేదు. వేగం ఒక్కటే చూసి షాఫ్టు ఇచ్చే పట్టిక ఇలాంటి స్వింగ్‌కు కూడా స్టిఫ్ రాసిస్తుంది. నా విషయంలోనూ దానికి తెలియనిది ఒకటుంది. నాది నిదానంగా దిగే స్వింగ్ కాదు. పైన క్షణం కూడా ఆగకుండా ఒక్క గుంజుతో కిందికి వస్తుంది. ఒకే వేగమున్న ఇద్దరిలో ఇలా గుంజేవాళ్లు షాఫ్టును ఎక్కువ వంచుతారు.

ఇక నా స్వింగ్ కొలిచి తగిన షాఫ్టు ఎంచే సరైన ఫిట్టింగ్ చేయించుకోవాలని నిశ్చయించుకుని కాజీపేటలో రైలెక్కాను. సంచి చూసి అది క్రికెట్ కిట్టేనా అని అడిగినవాళ్లందరికీ జనగామ వచ్చేదాకా జవాబులు చెబుతూనే ఉన్నాను. ఫిట్టర్ కుర్రవాడు ఓపికమంతుడు. మొదలుపెట్టే ముందే ఒక కోరిక కోరాను: షాఫ్టు మీద రాత కిందివైపు ఉండేలా బిగించండి, ఏది ఇస్తున్నారో నాకు చెప్పకండి. నవ్వాడు కానీ అలాగే చేశాడు. అక్షరం చూస్తే మనిషి కొట్టే తీరు మారిపోతుంది. ఎస్ అని తెలిస్తే ఇంకాస్త బలం పెడతాం, ఎల్ అని తెలిస్తే పట్టు సడలిస్తాం.

హెడ్ ఒక్కటే, 10.5 డిగ్రీల లాఫ్ట్ ఉన్నది. షాఫ్టులు మాత్రం మారుతూ వచ్చాయి. ముఖం మీద తెల్లని పౌడర్ చల్లి బంతి ఎక్కడ తగిలిందో చూసేవాడు. అంచున తగిలిన వాటిని లెక్కలో నుంచి తీసేసేవాడు. ఇది ముఖ్యం. హెడ్ మడమ దగ్గర, అంటే షాఫ్టు వైపు అంచున, తగిలిన బంతి కుడికి పోతే ఆ నేరం షాఫ్టుది కాదు.

ఒక షాఫ్టు చేతికి హాయిగా ఉంది, మొదట బాగా నచ్చింది. బంతిని కొలిచే యంత్రం తెర మీద చూస్తే బంతి 15 డిగ్రీలు దాటి లేస్తోంది, స్పిన్ నిమిషానికి 3,300 చుట్ల దాకా పోతోంది, నేను గుంజిన ప్రతిసారీ ఎడమకు తిరుగుతోంది. అది సీనియర్. ఇంకొకటి బరువుగా, చెక్కలా ఉంది. బంతి 10 డిగ్రీల దగ్గరే లేచి, నాకు బాగా తెలిసిన మిరపతోట దారి పట్టింది. అది 60 గ్రాముల తరగతి ఎస్. 50 గ్రాముల తరగతి ఆర్ వచ్చినప్పుడు లేచే కోణం 13 డిగ్రీలు, స్పిన్ 2,700, బంతి వేగం 124, గాలిలో దూరం 190 గజాలపైన. దూరం కన్నా నాకు నచ్చింది బంతులు పడ్డ చోటు. చాలావరకు ఒకే పట్టీలో పడ్డాయి.

ఎల్ కూడా చూపించమని నేనే అడిగాను. 40 గ్రాముల పైచిలుకు బరువు. వేగం కొంచెం పెరిగింది, అది నిజం. కానీ హెడ్ ఎక్కడుందో చేతికి తెలియడం మానేసింది, ముఖం మీద పౌడర్ గుర్తులు నలుమూలలా పడ్డాయి. నా మట్టుకు ఫ్లెక్స్ కన్నా బరువే ఎక్కువ తేడా చూపింది. ఆర్ అక్షరమే ఉన్న 60 గ్రాముల షాఫ్టు మొదట్లో చక్కగా వెళ్లి, అలసట వచ్చాక వేగం తగ్గించేసింది. పూర్తి ఆట, అంటే పద్దెనిమిది హోల్స్, ఆడేవాళ్లు తాజాగా ఉన్నప్పుడు కొట్టిన బంతులను చూసి నిర్ణయించుకోకూడదు. అలసిన చేతులతో కొట్టిన వాటినీ చూడాలి.

తర్వాత అతను రెండు కంపెనీల ఆర్ షాఫ్టులను ఒకదాని తర్వాత ఒకటి గ్రిప్ వైపు బిగించి, కొన లాగి వదిలాడు. నిమిషానికి ఎన్ని ఊపులు ఊగుతుందో యంత్రం చెబుతుంది. ఊపులు ఎక్కువైతే షాఫ్టు గట్టిదన్నమాట. రెండింటి మధ్య దాదాపు పది ఊపుల తేడా. సాధారణంగా ఒక అక్షరానికి, తర్వాతి అక్షరానికి మధ్య ఉండే దూరం అంతే.

చివరి చిక్కు పొడవు. పురుషుల డ్రైవర్లు ఎక్కువగా 45.5 అంగుళాల దగ్గర వస్తాయి. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, 44.5 నాకు హాయి. అంగుళం కోయాలంటే ఎటు నుంచి కోస్తున్నారో అడగాలి. కొన వైపు కోస్తే షాఫ్టు గట్టిపడుతుంది, గ్రిప్ వైపు కోస్తే అంతగా మారదు. కానీ పొడవు తగ్గితే చేతికి హెడ్ బరువు తెలియదు. ఆ బరువు తెలిసే కొలతను స్వింగ్ వెయిట్ అంటారు. అరంగుళానికి అది మూడు పాయింట్లు పడిపోతుంది, ఒక్కో పాయింట్‌కు హెడ్‌లో రెండు గ్రాములు కలపాలి. నాకు గ్రిప్ వైపు కోసి, హెడ్ అడుగున ఉన్న మరను తీసి 12 గ్రాములు బరువైనది బిగించారు. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాయించుకున్నాను: పొడవు, బరువు, ఊపులు, స్వింగ్ వెయిట్. అక్షరం రాయబోతుంటే వద్దన్నాను.

ఇప్పుడు ధర్మసాగర్ పొలంలో బంతులు మడి మధ్యలోనే పడుతున్నాయి. అప్పుడప్పుడు ఒకటి కుడికి పోతుంది. ఫోనులో తీసిన వీడియో చూసి కోచ్ చెప్పింది ఏమిటంటే, ఆ బంతులప్పుడు నా బరువు వెనక కాలు మీదే ఉండిపోతోందట. దానికి షాఫ్టు మార్చే పని లేదు.