మామ్మ నలుగు పాటల క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించాను – నా అనుభవం

మా మామ్మ గొంతు ఇప్పుడు క్యాసెట్లలోనే ఉంది. నాన్న ఒకసారి కలకత్తా వెళ్ళి ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్లో జపాన్ టూ ఇన్ వన్ (రేడియో, టేప్ రికార్డర్ కలిసిన సెట్టు) కొనుక్కొచ్చారు, అప్పట్నుంచి ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో మా ఇంట జరిగిన పెళ్ళి, పేరంటం ఏదీ వదలకుండా రికార్డు చేశారు. ఈ మధ్య పాత టేప్ రికార్డర్ల మీద అందరికీ మోజు పెరిగింది, షోకేసులో పెట్టుకోడానికి వేలు పోసి కొంటున్నారు. ప్లే బటన్ టక్కున దిగే చప్పుడు నాకూ ఇష్టమే, కాదనను. కానీ బీరువా మీద దుమ్ము పట్టిన ఆ సెట్టుని కిందికి దించింది మాత్రం 1984లో మా వదిన పెళ్ళికి, అంటే మా పెద్దత్త కూతురి పెళ్ళికి, మామ్మ పాడిన నలుగు పాటలూ అప్పగింతల పాటలూ వినడానికి.

బజారులో ఒక షాపులో చూపిస్తే తిప్పి కూడా చూడలేదు, పారేసి బ్లూటూత్ స్పీకర్ తీసుకోమన్నాడు. పాతపట్నంలో ఒక పెద్దాయన ఇంకా ఇలాంటివి బాగుచేస్తున్నారని తెలిసి బండి మీద పట్టుకెళ్ళాను. మాకు ఆంధ్రా అంటే అదే, ఇలా వెళ్ళి అలా వచ్చేయొచ్చు. ఆయన మూత విప్పి, "ఏటి బాబూ, దీన్నింకా ఉంచేరా!" అని మురిసిపోయారు గానీ లోపల చూస్తే మోటారు నుంచి చక్రాల్ని తిప్పే రబ్బరు బెల్టు కరిగి తారులా పుల్లీలన్నిటికీ అంటుకుపోయింది. పాత రబ్బరు బెల్టులకి ఇది మామూలే, సెట్టు వాడకపోయినా కరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్స్ ముంచి ఆ నలుపంతా తుడవడానికే చాలాసేపు పట్టింది, చేతికి అంటితే సబ్బుకి పోదు. కొత్త బెల్టు కొలత తెలియాలంటే పాతది ఉండాలి కదా, అది కరిగిపోయింది. ఆయన పుల్లీల చుట్టూ దారం తిప్పి పొడవు చూసి, అందులో నూటికి ఐదు వంతులు తగ్గించి బెల్టు వేశారు. రబ్బరు సాగి బిగుతుగా కూర్చోవాలంటే ఆ మాత్రం తక్కువుండాలట. టేపుని నొక్కి లాగే రబ్బరు రోలర్ గట్టిపడి నున్నగా మెరుస్తుంటే సన్న గరుకు కాగితంతో పైపొర తీశారు. టేపు మీది పాటని చదివే హెడ్డు మీద గోధుమ రంగు పొడి పేరుకుంది, అది టేపు నుంచి రాలిన ఐరన్ ఆక్సైడ్. మన పాటలు రాసుండేది దాని మీదే.

సెట్టు పాడింది. అయితే శ్రుతి కొంచెం ఊగుతోంది. "వినడానికి బాగుంది, కాపీకి పనికిరాదు, మంచి డెక్కు చూడండి" అని ఆయనే చెప్పారు. సొంతంగా బాగుచేసిన మనిషి ఆ మాట అనడం నాకు చాలా నచ్చింది. బరంపురంలో స్నేహితుడి దగ్గర స్టీరియో డెక్కు, అంటే క్యాసెట్లకనే చేసిన ప్లేయరు, ఉంటే తెచ్చుకున్నాను.

క్యాసెట్ల సంగతి వేరే. మా ఊరు మహేంద్రతనయ ఒడ్డున ఉంది, వానాకాలం తేమకి కొన్నిటి రీలు అంచున తెల్లగా బూజు పట్టింది. మూతికి మాస్కు కట్టుకుని పెరట్లో కూర్చుని, మెత్తటి బట్ట అంచుకి తగిలేలా పట్టుకుని నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకి చుట్టాను. బూజున్న వాటిని మిగతావాటితో కలపకూడదు, ఒకటి ఆడించాక హెడ్డు తుడవకుండా ఇంకొకటి పెట్టకూడదు. కొన్నిటికి టేపుని హెడ్డుకి ఆనించి ఉంచే చిన్న మెత్త ఊడిపోయింది. అలాంటివాటి రీలు తీసి స్క్రూలున్న కొత్త డబ్బాలోకి మార్చాను. అన్నిటికన్నా ముందు క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, ఎవరి చెయ్యి పొరపాటున రికార్డు బటన్ మీద పడినా పాట చెరగదు.

ఇంత చేసి డెక్కులో పెడితే మామ్మ దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపించింది. "స", "శ" అన్న అక్షరాలే తెలియడం లేదు. టేపు పాడైపోయిందనుకుని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. టేపు బాగానే ఉంటుంది. హెడ్డులో సన్నటి నిలువు సందు ఉంటుంది, అది టేపుకి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి. దీన్నే అజిమత్ అంటారు. మన టూ ఇన్ వన్‌లో ఆ సందు కాస్త వాలి ఉంటే పాట కూడా అదే వాలుతో టేపు మీదకి ఎక్కుతుంది. ఆ టేపుని నిటారు హెడ్డు మీద ఆడిస్తే సన్నటి ధ్వనులన్నీ పోతాయి. కాబట్టి మన డెక్కు ఎంత కచ్చితమైనదైనా, దాని హెడ్డుని ఆ క్యాసెట్‌కి తగ్గట్టు వాల్చాలి. హెడ్డు పక్కన స్ప్రింగుతో చిన్న స్క్రూ ఉంటుంది. రెండు చానెళ్ళూ కలిపి మోనోలో వింటూ, పాట నడుస్తుండగానే ఆ స్క్రూని వెంట్రుకవాసి తిప్పుకుంటూ పోవాలి. ఒక చోట "సీతమ్మ"లో "సీ" ఉన్నట్టుండి పలుకుతుంది, అక్కడ ఆపాలి. నాన్న మధ్యలో హెడ్డు మార్పించారేమో గానీ 84 నాటి క్యాసెట్లకి ఒక వాలు, ఆ తర్వాతి వాటికి ఇంకొక వాలు. స్నేహితుడికి డెక్కు తిరిగి ఇచ్చే ముందు స్క్రూ మొదట ఎక్కడుందో అక్కడికి తేవాలి కాబట్టి ముందే మార్కరుతో చుక్క పెట్టుకున్నాను.

స్పీడుతో ఇంకో తంటా. రికార్డు చేసే రోజున మోటారు నెమ్మదిగా తిరిగి ఉంటే ఇప్పుడు గొంతు సన్నగా, తొందరగా వస్తుంది. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి, బ్యాటరీలు నీరసిస్తే నడవదు. కరెంటు మీద రికార్డు చేసిన వాటిలో సన్నగా ఒక "హుమ్" ఉంటుంది, అది 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలని ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్లో స్పెక్ట్రమ్ చూసి వేగం సరిచేయొచ్చు. అప్పట్లో మన కరెంటు గ్రిడ్డు కూడా 50 మీద నిలకడగా ఉండేది కాదు కాబట్టి ఆఖరికి చెవే గతి. మామ్మ గొంతు తెలిసిన పెద్దత్తని పక్కన కూర్చోబెట్టుకుని సరిచేశాను.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఆ చవక సెట్లలో ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్ ఉంటుంది. శబ్దం పెద్దదైతే వెంటనే తగ్గిస్తుంది, నిశ్శబ్దమైతే మెల్లమెల్లగా పెంచుతుంది. మైకు మనం పట్టించుకోకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. మా ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది గానీ మా వీధిలో పెళ్ళంటే ఇప్పటికీ రెండు భాషలవాళ్ళూ వస్తారు. మామ్మ పాడుతుంటే పక్కింటి ఒడియా ఆడవాళ్ళు హుళహుళి (నాలుక ఆడిస్తూ నోటితో గట్టిగా చేసే మంగళధ్వని) వేస్తారు, సెట్టు బెదిరిపోయి ఒక్కసారిగా లెవెల్ దించేస్తుంది, తర్వాత చరణం అడుగు నుంచి పైకి తేలుతూ వస్తుంది. పాట అయిపోయి అందరూ ఆగితే అదే సెట్టు పెంచుకుంటూ పోయి, గదిలో ఎవరూ రికార్డు అవ్వాలనుకోనివన్నీ పట్టేస్తుంది. గాజులు, చంటిపిల్ల ఏడుపు, ఇత్తడి బిందె దించిన చప్పుడు, దూరంగా నౌపడా నుంచి వచ్చే చిన్నరైలు కూత. ఆ నారోగేజి లైను ఇప్పుడు లేదు, బ్రాడ్‌గేజి అయిపోయింది.

అందుకే నా సలహా ఒకటే, పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉందని కోసేయకండి, నాయిస్ రిమూవల్ కూడా అసలు ఫైలు మీద నొక్కకండి. క్లీన్ చేస్తే ముందు పోయేవి ఆ మధ్యలోని మాటలే. మొత్తం రెండు వైపులా 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలుగా పెట్టుకోండి. మోనోలో గంటకి అర జీబీ దాటుతుంది, ఈ రోజుల్లో అదేమీ ఎక్కువ కాదు. ల్యాప్‌టాప్ మైకు జాక్‌లో నేరుగా గుచ్చకుండా, లైన్ ఇన్ (డెక్కు నుంచి శబ్దం తీసుకునే సాకెట్టు) ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడండి. బంధువులకి పంచడానికి వేరే ఎంపీ3 కాపీ చేసుకుని, దాన్ని మీ ఇష్టమొచ్చినట్టు కత్తిరించుకోండి. క్యాసెట్లు మాత్రం పారేయొద్దు.

మా ఇంట్లో ఇప్పుడు గొడవంతా ఆ కోయని ఖాళీల గురించే. అప్పగింతల పాటకి ముందు ఎవరో ఆడమనిషి గొంతు, మైకు ఉందన్న సంగతే తెలియక, "వంకాయలు చాలవని మధ్యాహ్నమే చెప్పేను, ఎవరు విన్నారు?" అని గట్టిగానే గొణుగుతుంది. అది పెద్దత్త గొంతేనని వదిన ఒట్టేసి చెబుతోంది. పెద్దత్త మాత్రం కూతురి పెళ్ళిలో వంకాయల గురించి మాట్లాడే మనిషిని కానంటుంది, నాన్నని అడిగితే ఇద్దరిలో ఎవరి పక్షమూ చేరడం లేదు.