పాలు పట్టడం నేర్పడానికి కూడా ఫీజా?

పాప పుట్టిన రెండో వారంలో నాకు చలిజ్వరం వచ్చింది. దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు ఆగలేదు, కుడి రొమ్ము గట్టిపడి ఒక పక్కంతా ఎర్రగా కమిలింది, కొంగు తగిలినా ప్రాణం పోయేది. "పాలు గడ్డకట్టాయే, వేడి కాపడం పెట్టి గట్టిగా పిండితే సరి" అని అమ్మ మొదలుపెట్టింది. నేను ఏడుపు లంకించుకుంటే ఆపేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మాస్టైటిస్ (రొమ్ము వాపు) అన్నారు, యాంటీబయాటిక్ రాసి, పాలు పట్టడం మాత్రం ఆపొద్దని చెప్పారు. జ్వరం తగ్గింది కానీ చనుమొన పగుళ్లు మానలేదు. పాప నోరు పెట్టిన ప్రతిసారీ పళ్లు బిగపట్టేదాన్ని.

ఆస్పత్రిలో పాలు పట్టడం ఎవరు నేర్పారంటే, హడావుడిగా వచ్చిన నర్సు పాప తల పట్టుకుని రొమ్ముకేసి నొక్కి వెళ్లిపోయింది, అంతే. ఇంటికి పంపేటప్పుడు మాత్రం సంచిలో డబ్బా పాల శాంపిల్ పెట్టారు. తల్లులకి అలా ఇవ్వకూడదని 1992లోనే చట్టం వచ్చింది!

అందుకే లాక్టేషన్ కన్సల్టెంట్ కోసం, అంటే పాలు పట్టడం దగ్గరుండి నేర్పే మనిషి కోసం వెతికాను. ఫోన్ ఎత్తగానే ప్యాకేజీ రేట్లు చెప్పేవాళ్లు, పాలు పెరిగే పొడి కూడా మా దగ్గరే కొనమనేవాళ్లు తగిలారు, వద్దనుకున్నాను. చివరికి ఒకావిడ, నేనేదైనా అడిగే లోపే, పాప బరువెంత, రోజుకి ఎన్ని డైపర్లు తడుస్తున్నాయి, ఏ మందు వాడుతున్నావు అని అడిగింది. ఐబీసీఎల్సీ అని, లాక్టేషన్ కన్సల్టెంట్లకి అంతర్జాతీయ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ ఉంది, దానికి పరీక్ష పాసవ్వాలి, ఐదేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి. "నేను డాక్టర్ని కాదు, మందులు రాయను, మళ్లీ జ్వరం వస్తే డాక్టరు దగ్గరికే వెళ్లాలి" అని ముందే చెప్పేసింది. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

ఇంటికొస్తే మూడు వేలు. మా ఆయన "ఒక్కసారికా?" అన్నారు, అత్తయ్య అయితే మునగాకు తెలగపిండి కూర తింటే పాలు అవే పడతాయి, దీనికి మనిషెందుకు అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లు పైసా కూడా ఇవ్వం అన్నారు. బారసాల డెకరేషన్‌కి అడ్వాన్సు ఇచ్చినప్పుడు మాత్రం ఎవరూ నోరెత్తలేదు లెండి.

ఆవిడ వచ్చి ముందు పాపని చిన్న త్రాసు మీద తూచింది, తర్వాత నా పక్కనే కూర్చుని, పాప నోరు పెట్టినప్పటి నుంచి వదిలేదాకా చూసింది. చనుమొన ఒకవైపు నొక్కుకుపోయి ఏటవాలుగా బయటికి రావడం చూపించి, "ఇదిగో, మొన మాత్రమే నోట్లోకి వెళ్తోంది" అంది. నన్ను వెనక్కి వాలి కూర్చోమని, పాప పొట్ట నా పొట్టకి ఆనేలా తిప్పి, గడ్డం ముందు రొమ్ముకి తగిలి నోరు పెద్దగా తెరిచాకే దగ్గరికి లాక్కోమంది. అప్పుడు వినిపించింది గుటక. అన్నాళ్లూ నేను విన్నది ఉత్త చప్పరింపు! మళ్లీ తూచి, ఎన్ని గ్రాములు తాగిందో చూపించింది. వాపుకి వేడి కాపడం, గట్టిగా పిండడం వద్దని, చల్లటి గుడ్డ వేసుకోమంది. అమ్మ మూతి ముడుచుకుంది కానీ గుడ్డ తడిపి తెచ్చింది తనే.

బారసాల నాటికి పగుళ్లు చాలావరకు మానాయి, మాస్టైటిస్ మళ్లీ రాలేదు.

డబ్బు కట్టలేకపోతే ఆశా కార్యకర్తని అడగండి, పుట్టిన బిడ్డని చూడటానికి 42 రోజుల దాకా ఇంటికి రావాలి వాళ్లు, దానికి ఫీజు లేదు. డబ్బు కట్టేవాళ్లు మాత్రం పాలు పట్టడం మొత్తం కూర్చుని చూస్తారా, తర్వాత ఫోన్లో అడగడం ఆ ఫీజులోనే ఉంటుందా అని ముందే తేల్చుకోండి. నాకు వారం పాటు ఉంది, అర్ధరాత్రి పంపిన వీడియోకి కూడా పొద్దున్నే జవాబు వచ్చేది.